మడిలో పెట్టిన న్యూస్‌గ్రూప్

మాటకు ముందే ఉన్నవాడికి, మాటలన్నీ ఆగిపోయాక కూడా ఉండేవాడికి నమస్కారం. అడగడం చేతకానివాళ్ళ మనసులో ఏముందో చదివి ఇచ్చేవాడికి, ఇచ్చింది నిలుపుకోవడం చేతకానివాళ్ళను కూడా వాకిట్లోంచి తరిమెయ్యనివాడికి నమస్కారం. తండ్రీ, నీ నామం వెయ్యి నోళ్ళలో ఉంది. ఒక్క నోటి మాట పోయినంత మాత్రాన నీకు తక్కువయ్యేదేమీ లేదు. తక్కువయ్యేది మాకే. అది ఎలా జరిగిందో, అందులో నా చెయ్యి ఎంతుందో చెప్పుకుందామని కూర్చున్నాను. దాచకుండా చెప్పే బలం ఇవ్వు.

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, కళ్ళజోళ్ళ దుకాణం పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే పని చేస్తున్నాను. యూజ్‌నెట్ సేవ అమ్మే చిన్న కంపెనీ మాది. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు "అంటే వైఫైనా అంకుల్?" అని అడుగుతారు. కాదు. ఫోన్లలో గ్రూపులు రాకముందు, మనుషులు ఒకరికొకరు బహిరంగంగా ఉత్తరాలు రాసుకోవడానికి పుట్టిన ఏర్పాటు అది. ఒక్కో విషయానికి ఒక్కో న్యూస్‌గ్రూప్. తోటపనికి ఒకటి, లెక్కలకు ఒకటి, పాత రేడియోలు బాగుచేసుకునేవాళ్ళకు ఒకటి. మీరు ఒక సర్వర్లో ఉత్తరం పెడితే ఆ సర్వర్ దాన్ని పక్క సర్వర్‌కు ఇస్తుంది, అది తన పక్కదానికి ఇస్తుంది. భజనలో ప్రసాదం పళ్ళెం చేతులు మారినట్టు. సాయంత్రానికల్లా మీ ఉత్తరం దేశదేశాల సర్వర్లలో ఉంటుంది. ఒకచోట పోయినా ఇంకోచోట మిగులుతుంది.

ఇప్పటికీ దాన్ని వాడేవాళ్ళున్నారు. మా కస్టమర్లు చాలామంది బయటి దేశాలవాళ్ళు. వాళ్ళ ఉత్తరాలకు జవాబులు రాయడం నా పని. స్పీడు తగ్గిందనీ, పాస్‌వర్డ్ మరిచిపోయామనీ రాస్తారు. ఎక్కువగా అడిగేది మాత్రం ఒకటే. మీ దగ్గర ఎంత పాత ఉత్తరాలు దొరుకుతాయి అని. దానికి ఈ వ్యాపారంలో రిటెన్షన్ అని పేరు. ఎన్ని ఎక్కువ రోజులుంటే ఆ కంపెనీకి అంత గొప్ప.

మా యజమాని పాత హైదరాబాదు వ్యాపారుల ఇంటి మనిషి. మేమంతా సేఠ్ అంటాం. నుదుటి మీద నామంతో ఆఫీసుకు వెళ్ళే నన్ను ఆయన స్వామీ అంటాడు. ఒకరోజు అందరి ముందూ అడిగాడు.

"స్వామీ, మీ దేవుడు రిటెన్షన్ ఎన్ని రోజులిస్తడు?"

"కల్పాంతం దాకా సేఠ్."

"మరింకేంది, మన వెబ్‌సైట్ల గూడ గదే రాయి. ఎవడొచ్చి చూస్తడు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆదివారాలు మాత్రం నాంపల్లి. స్టేషన్ ఎదుటి సందులో పప్పుల దుకాణం మీద ఉన్న పొడవాటి గది మా సత్సంగానిది. రైళ్ళ కూతలకు పద్యం ఆపి, కూత అయిపోయాక అందుకోవడం అక్కడ అందరికీ అలవాటు. నల్లగొండ వైపు నుంచి మా నాన్న కూలిపనికి ఈ ఊరొచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. బడి కన్నా ఆ గదే నాకు ఎక్కువ చదువు చెప్పింది. చెప్పినాయన నాంపల్లి కోర్టులో నకళ్ళ గుమస్తా. తీర్పులకూ దస్తావేజులకూ నకలు టైపు చేసి, మూలంతో అక్షరమక్షరం పోల్చి, ముద్ర వేయించి ఇచ్చే పని ఆయనది. రిటైరై చాలా ఏళ్ళయింది. మేమంతా కాకా అని పిలుస్తాం.

కాక వ్యాఖ్యానం పండితుల వ్యాఖ్యానంలా ఉండదు. మొసలి ఏనుగు కాలు పట్టుకున్న ఘట్టం వస్తే అందరూ ఏనుగు మొర గురించి చెబుతారు. ఆయన ఒక ఆదివారమంతా మొసలి పక్షాన మాట్లాడాడు.

"ఏనుగు మొత్తుకున్నది, ఆయనొచ్చిండు. బాగున్నది. మొసలి ఏమడిగింది? ఏం అడగలే. అయినా దానికి గూడ మోక్షమిచ్చిండు. కోర్టుల దరఖాస్తు లేకుంటే కాగితం కదలది. ఆయన దగ్గర దరఖాస్తు లేకున్నా కదులుతది. గదీడ చూడున్రి."

సత్సంగంలో పెరిగిన కుటుంబాలు కొన్ని మగ్గాల పనికి సోలాపూర్, భీవండి, సూరత్ వెళ్ళి స్థిరపడ్డాయి. పండగకో పెళ్ళికో వచ్చినప్పుడు ఒకటే మాట. "కాక చెప్పేది మాకెట్ల వినవస్తది?" అప్పుడు నాకు ఆలోచన తట్టింది. మా సర్వర్లో ఒక న్యూస్‌గ్రూప్ పెడితే? కాక ఏకాదశికి ఒక పద్యం తీసుకొని వ్యాఖ్యానం రాస్తాడు. వాళ్ళు అక్కడ చదువుకుంటారు, సందేహాలు అడుగుతారు. సేఠ్‌ను అడిగితే ఒప్పుకున్నాడు. "పెట్టుకో. అకౌంట్లు ఉట్టిగనే ఇయ్యి. పుణ్యంల సగం నాది" అన్నాడు.

గ్రూప్ పెట్టాల్సిన రోజున మా ఆఫీసులో సర్వర్లు చూసే అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. వరంగల్ వైపు పిల్ల. నన్ను అన్నా అంటుంది.

"అన్నా, దీన్ని బయటి సర్వర్లకు గూడ పోనియ్యాల్నా, మన సర్వర్లనే ఉంచాల్నా?"

అప్పుడు యూజ్‌నెట్ ఎలా ఉండేదో నాకు తెలుసు. ఏ గ్రూప్ తెరిచినా సగం బూతు ప్రకటనలు. మిగిలిన సగంలో దేవుడి పేరు కనబడితే చాలు ఎగతాళి చేసేవాళ్ళు. వాటి మధ్యలోకి కాక మాటను వదలడానికి నాకు మనసొప్పలేదు. పూజగదిలోకి చెప్పులతో ఎవరైనా వచ్చినట్టు అనిపించింది.

"మన సర్వర్లనే ఉంచమ్మా. ఇది మడిగ ఉండాలె" అన్నాను.

"మడి అంటే బయటోళ్ళు ముట్టరు, మంచిదే. మల్ల మనింట్ల పొయ్యి ఆరిపోతే పక్కింట్ల అగ్గి గూడ దొరకది. ఆలోచించుకోన్రి."

"మన పొయ్యి ఎందుకారుతదమ్మా?"

ఆమె భుజాలెగరేసి నేను చెప్పినట్టే చేసింది.

గురువు రహస్యంగా ఇచ్చిన మంత్రాన్ని గోపురమెక్కి ఊరందరికీ వినిపించిన ఆచార్యుడి కథ ఆ పప్పుల దుకాణం మీది గదిలో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పేవాళ్ళు లేని రోజున నేనే చెప్పాను కూడా. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అదే మనిషిని, చేతికి గోపురం దొరికిన రోజున మెట్ల కింద గది చూసి తాళం వేశాను. శుచి అని దానికి పేరు పెట్టుకున్నాను.

కాక టైపు మిషను మీద నలభై ఏళ్ళు బతికిన మనిషి కాబట్టి కంప్యూటర్ తొందరగానే పట్టుబడింది. ఆయనకు సులువుగా ఉంటుందని వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ లేకుండా మా వెబ్ పేజీలోనే నేరుగా రాసి పంపేలా ఏర్పాటు చేశాను. ముందు కాగితం మీద రాసుకునేవాడు. సత్సంగం గదిలో మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చొని దాన్ని టైపు చేసేటప్పుడు సగం మార్చేసేవాడు. మొదటి స్కంధంతో మొదలుపెట్టి పదకొండేళ్ళు రాశాడు. భీవండి నుంచి ఒకామె ప్రతి ఉత్తరానికీ ఒక కొర్రీ వేసేది. "కాకా, కొడుకును అంత బాధపెట్టిన తండ్రికి గూడ మోక్షమా? మా ఆయన గిదే పట్టుకొని నన్ను దబాయిస్తున్నడు." కాక రెండు రోజులు ఆలోచించి జవాబు రాసేవాడు. ఆ జవాబులు పద్యానికి రాసిన వ్యాఖ్యానం కన్నా బాగుండేవి.

కాగితాలు ఏడేళ్ళకే ఒక బియ్యం సంచీ నిండాయి. ఆ సంవత్సరం సత్సంగం వాళ్ళమంతా బస్సు మాట్లాడుకొని కృష్ణకు స్నానానికి వెళ్ళాం. కాక ఆ సంచీని ఒళ్ళో పెట్టుకొని వచ్చాడు. దేవుడి పేరున్న కాగితం చెత్తలో పడకూడదు, కాలి కింద పడకూడదు. పాతబడితే పారే నీళ్ళలో వదలాలి. అది మా పద్ధతి. రేవులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆయన నావైపు తిరిగాడు.

"ఇవన్ని మీ డబ్బల ఉన్నయ్ గద బిడ్డా?"

"ఉన్నయ్ కాకా."

"పోతయా?"

"యాడికి పోతయ్ కాకా! దేశమంత ఉంటయ్ గవి."

అన్నాను. ఏళ్ళ తరబడి కస్టమర్లకు రాస్తున్న జవాబే నోటికొచ్చింది. ఈ ఒక్క గ్రూప్ దేశమంతా లేదని, నేనే ఉండనివ్వలేదని ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఆయన సంచీ మూతి విప్పి కట్టలు కట్టలుగా వదిలాడు. నేను కూడా రెండు కట్టలు అందుకొని వదిలాను. తడిసిన కాగితాలు కాసేపు తేలి, సిరా నీళ్ళలో కలిసి, మునిగాయి. పుణ్యకార్యం చేసినట్టే ఒడ్డుకొచ్చి పులిహోర తిన్నాం. ఆ తర్వాత కాక కాగితం మీద రాయడమే మానేశాడు. "ఎందుకు, మల్ల మునుగవెట్టెతందుకా?" అని నవ్వేవాడు.

పోయిన ఏడాది ఆయన కళ్ళకు నీటికాసులని చెప్పారు. మందు వేసుకుంటే ఏడాదో, ఏడాదిన్నరో చదవగలిగే చూపు నిలవొచ్చునన్నాడు డాక్టరు. అప్పటికి కాక పదకొండో స్కంధంలో ఉన్నాడు. సత్సంగం అయ్యాక నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, నేను రాసినయన్ని ఒక్కదిక్కు తీసి, పెద్దక్షరాలల్ల కాగితం మీద కొట్టియ్యి. కండ్లున్నప్పుడే మొదటికెల్లి ఒక్కసారి చదువుకుంట. తప్పులుంటయ్. నకలు తీసుడు గాదు పని, మూలంతోని పోల్చుడు పని. పోల్చకుంట ముద్ర ఎట్లేస్తరు?"

"అట్లనే కాకా. వచ్చే వారం."

వచ్చే వారం ఇవ్వలేదు. ఒక మనిషి రాసిన ఉత్తరాలన్నీ ఒకేసారి బయటికి తీసే వీలు మా సర్వీసులో లేదు. ఒక్కొక్కటీ తెరిచి, నకలు తీసి, అతికించాలి. మూడు నాలుగు రోజుల పని. రెండో ఆదివారం అడిగాడు. మూడో ఆదివారం అడిగాడు. నాలుగో ఆదివారం అడగలేదు, నా ముఖం చూసి ఊరుకున్నాడు. నాకు ఆ ఊరుకోవడమే హాయిగా అనిపించింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ గ్రూప్‌ను నేను చదవడం మానేసి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆదివారం ఆయన నోటే వింటున్నాను కదా, మళ్ళీ చదవడమెందుకని.

ఆ నెలలోనే సేఠ్ అందరినీ కూర్చోబెట్టాడు. కస్టమర్లు తగ్గిపోతున్నారు. పెద్ద కంపెనీల ముందు మేం నిలవాలంటే ఏం చెయ్యాలి?

"ఉట్టి న్యూస్‌గ్రూపులు అందరిస్తున్నరు. మనం గింకేమిద్దాం? చెప్పున్రి. స్వామీ, నువ్వు రాయి."

రాశాను. ఉత్తరాలు దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసి పంపే ఏర్పాటు. కస్టమర్ ఏ ఊరి నుంచి చూస్తున్నాడో బయటికి తెలియకుండా దాచే వీపీఎన్. చదవడానికి ఉచిత సాఫ్ట్‌వేర్. అన్ని గ్రూపుల్లో ఒకేసారి వెతికే వీలు. చెత్త ప్రకటనలను వడపోసే జల్లెడ. ఒక్క అకౌంట్ మీద ఇంట్లోవాళ్ళందరూ వాడుకునే వెసులుబాటు. పేజీ నిండింది. రాస్తూ ఉంటే కాక మాట మనసులో మెదిలింది. కస్టమర్ తను రాసిన ఉత్తరాలన్నీ ఒక్క మీట నొక్కి తీసుకోగలిగితే? కలం పేజీ అడుగున ఆగింది కూడా. అంతలో నవ్వొచ్చింది. మా కస్టమర్లు ఎవరో పెట్టింది తీసుకోవడానికి వచ్చేవాళ్ళు. తమది తాము అడిగేవాళ్ళెవరు? సత్సంగం గొడవ ఆఫీసులోకి తెచ్చాడని నవ్వుతారు.

"ఇంకేమన్న ఉన్నదా స్వామీ?"

"లేదు సేఠ్."

రెండు నెలలకు నిర్ణయమైంది. మా సొంత మిషన్లు ముసలివయ్యాయి. వాటిని ఆపేసి బయటి దేశంలో ఉన్న ఒక పెద్ద సర్వర్‌తో ఒప్పందం చేసుకోవాలి. మా కస్టమర్లు ఇక అక్కడి నుంచి చదువుకుంటారు. సర్వర్ల అమ్మాయి కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. పోతూ పోతూ ఏం చెయ్యాలో ఒక కాగితం మీద వరుసగా రాసిపెట్టింది. పని నా మీద పడింది. కొత్త సర్వర్లో పది గ్రూపులు తెరిచి చూశాను. మా దగ్గర ఉన్నదానికి పది రెట్లు పాత ఉత్తరాలు కనబడ్డాయి. సంతోషపడ్డాను. కస్టమర్లందరికీ నా చేత్తోనే నోటీసు రాశాను. మీకేమీ మారదు, వేగం పెరుగుతుంది, పాత ఉత్తరాలు ఇంకా ఎక్కువ దొరుకుతాయి అని. ఆ నోటీసు కాకకు కూడా వెళ్ళింది.

మా బ్యాకప్‌లో కస్టమర్ల పేర్లు తప్ప ఉత్తరాలు ఎప్పుడూ లేవు. ప్రపంచమంతా ఉన్నవాటికి బ్యాకప్ ఎందుకు? పాత డిస్కుల్లో కస్టమర్ల వివరాలుంటాయి కాబట్టి వాటిని పూర్తిగా తుడవాలి. అమ్మాయి రాసిన ప్రకారం ఒక్కో డిస్కూ మూడుసార్లు తుడిచాను. పని మధ్యలో మనసులో నామం చెప్పుకోవడం నాకు అలవాటు. ఆ రోజు కూడా చెప్పుకుంటూనే తుడిచాను.

ద్వాదశి పొద్దున, పదిన్నరకు, మెట్ల మీద కర్ర చప్పుడు వినబడింది. కాక. నాంపల్లి నుంచి నడిచి, రెండంతస్తులు ఎక్కి వచ్చాడు. నేను కుర్చీ వేశాను. ఆయన కూర్చోకుండానే అడిగాడు.

"నిన్న ఏకాదశి గద. రాద్దామని కూసున్న. గ్రూప్ లేదంటున్నది మిషను. నా కండ్లే సరిగ అగుపడ్తలేవేమోనని పక్కింటి పిల్లను పిల్చి సూపిచ్చిన. పిల్ల గూడ లేదన్నది. ఏంది కథ?"

నా కంప్యూటర్లో గ్రూప్ పేరు కొట్టాను. అలాంటి గ్రూప్ లేదని వచ్చింది. మళ్ళీ కొట్టాను. అప్పటికి నాకు అర్థమైంది, మా సర్వర్ దాటి పోనివ్వని గ్రూప్ కొత్త సర్వర్లో ఉండదని.  అయినా నోరు తెరిచి ఏమన్నానంటే:

"సర్వర్ మార్చినం కాకా. సర్దుకోవాలె. వారం రోజులల్ల వస్తది."

"గంతేనా? నేనింక ఏమో అనుకున్న." కుర్చీలో కూలబడి నీళ్ళడిగి తాగాడు. "వచ్చినంక ముందుగాల నా కాగితాలు కొట్టియ్యి. కొత్త అద్దం కొన్న, గింత పెద్దది. కోఠిల." అరచేయి విప్పి చూపించాడు.

ఆయన మెట్లు దిగాక అమ్మాయికి ఫోన్ చేశాను. చంటిపిల్ల ఏడుపు వినబడుతోంది. చెప్పాను. ఆమె వెంటనే అడిగింది.

"అన్నా, డిస్కులు?"

"తుడిచినమ్మా."

"ఎన్నిసార్లు?"

"నువ్వు రాసినట్టే. మూడుసార్లు."

"అయ్యో అన్నా" అంది. అంతే అంది.  తిడితే బాగుండేది.

ఆ వారమంతా ఏ పూజలోనూ నా మనసు నిలవలేదు. అబద్ధం ఆడింది భయంతోనని నాకు నేను చెప్పుకున్నాను. దేవుడికి చెప్పలేకపోయాను. ఆదివారం సత్సంగం ముగిసి అందరూ దిగిపోయాక కాక ముందు కూర్చొని అంతా చెప్పాను. గ్రూప్‌ను మా సర్వర్లోనే ఎందుకు పెట్టానో, నోటీసులో ఏం రాశానో, ఎవరి చేత్తో తుడిచానో, ద్వాదశి నాడు అబద్ధం చెప్పానని కూడా.

ఆయన అద్దం కళ్ళకు దగ్గరగా పట్టుకొని నన్ను చూశాడు. తర్వాత దాన్ని గుడ్డలో చుట్టి సంచీలో పెట్టాడు. ఒక రైలు కూసి వెళ్ళింది.

"మొత్తమా?"

"మొత్తం కాకా."

"పదకొండు స్కంధాలు."

"ఔ కాకా."

"కోర్టుల ఒక దస్తావేజు పోతే, పోయిందని ముందు నోటీసు ఇస్తరు. ఎవలి దగ్గరన్న నకలుంటే తెమ్మంటరు. పోయినంక గాదు, పాత రికార్డు తీసేసెతందుకు ముందే ఇస్తరు. గంత చిన్న కోర్టుకు తెల్సింది, గంత పెద్ద కంపెనీకి తెల్వదా?"

ఆయన కర్ర అందుకొని లేచాడు.

"నీ మీద కోపం లేదని చెప్ప. ఉన్నది. జర తగ్గనియ్యి. మల్ల మాట్లాడుదాం."

మూడు ఆదివారాలు ఆయన నాతో మాట్లాడలేదు. ప్రసాదం మాత్రం అందరితోపాటు నా చేతిలో కూడా పెట్టాడు.

ఈలోపు నేను భీవండికీ సోలాపూర్‌కీ సూరత్‌కీ ఫోన్లు చేశాను. భీవండి ఆమె కొన్ని ఉత్తరాలను నోటుబుక్కులో ఎక్కించుకుంది. శనివారం ఆడవాళ్ళ భజనలో చదవడానికి. అవన్నీ మూడో స్కంధం, ఏడో స్కంధం. తనకు నచ్చిన వాక్యాలే రాసుకుంది. మధ్యలో మధ్యలో తన మాటలూ కలిసిపోయాయి. ఏది కాకదో ఏది తనదో ఆమెకే తెలియడంలేదు. "అంత మంచిగ నేనైతే రాయలేను గద, బాగున్నవన్ని కాకయే అనుకోన్రి అన్నా" అంది. అంతకు మించి ఎక్కడా దొరకలేదు. అందరూ నాలాగే అనుకున్నారు, ఎక్కడికి పోతుందిలే అని.

సేఠ్‌కు చెప్పాను, ఆనాడు పేజీ అడుగున రాయకుండా వదిలేసిన మీట సంగతితో సహా. ఆయన చాలాసేపు పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ తిప్పాడు.

"స్వామీ, ఆనాడు నేను అడిగిన గద, ఇంకేమన్న ఉన్నదా అని. గదొక్కటి చెప్తే రెండు రోజుల పని."

"నవ్వుతరనుకున్న సేఠ్."

"నవ్వుతుంటిమి. నవ్వుకుంట చేస్తుంటిమి."

ఆ రోజు ఇంకొక కాగితం రాసి ఆయనకిచ్చాను. యూజ్‌నెట్ కంపెనీ కస్టమర్‌కు ఇవ్వాల్సింది వేగమూ రోజుల లెక్కా మాత్రమే కాదని రాశాను. ఏది మా దగ్గర మాత్రమే ఉందో, ఏది లోకమంతా ఉందో అతనికి ముందే తేటగా చెప్పాలి. తీసేసే ముందు, తీసేస్తున్నామని, ఎప్పుడు తీసేస్తామో, కావలసింది ఎలా దాచుకోవాలో రాయాలి. ఒక్కసారి కాదు, అతను చూశాడని తెలిసేదాకా. అతను రాసింది అతనికి తిరిగి ఇచ్చే దారి ఉండాలి, కంప్యూటర్ తెలియనివాడు కూడా చేతిలో పట్టుకొని చదువుకునేలా. జవాబు రాసే మనిషికి తెలియకపోతే తెలియదని రాసే స్వేచ్ఛ ఉండాలి. "యాడికి పోతయ్" అనే మాట అతని నోట రాకూడదు. సేఠ్ చదివి, ఏమీ మార్చకుండా అమ్మాయికి పంపాడు. కాన్పు సెలవు అయిపోయి వచ్చాక మొదట ఆ పనే చేసింది. ఆ మీట ఇప్పుడు మా సర్వీసులో ఉంది. కాక ఉత్తరాలకు తప్ప అందరి ఉత్తరాలకూ పని చేస్తుంది.

నాలుగో ఆదివారం కాక నన్ను పిలిచాడు. డాక్టరు చెప్పిన గడువు కన్నా ముందే చూపు బాగా తగ్గింది. మనిషి ఆకారం తెలుస్తుంది, అక్షరం తెలియదు.

"కూసో. మొదటి పద్యం చదువు."

"ఏ స్కంధం కాకా?"

"మొదటి పద్యమంటే మొదటి స్కంధమే గద. మల్ల మొదలువెడ్దాం. నేను చెప్త, నువ్వు రాయి. రాసింది నాకు చదివి వినిపియ్యి, మూలంతోని పోల్చాలె. నువ్వు ఆలస్యం చేస్తె కుదరది ఇగ."

అలా ఏడు నెలలుగా కూర్చుంటున్నాం, ఆదివారాలు, గది ఖాళీ అయ్యాక. ఆయనకు ఎనభై మూడేళ్ళు. ఇంకా మొదటి స్కంధంలో సగానికి రాలేదు. పన్నెండు పూర్తికావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరం ఎత్తం. ఒక్కోసారి చెబుతూ చెబుతూ ఆగిపోతాడు. కళ్ళు మూసుకుంటాడు. వేళ్ళు మోకాలి మీద టైపు చేస్తున్నట్టు కదులుతాయి.

"గప్పుడు గీ పద్యానికి ఇంతకంటె మంచిగ చెప్పిన బిడ్డా. ఏదో ఒక్క మాట దొరికిందుండె. యాదికొస్తలేదు. నువ్వు చదివినవ్ గద, నీకేమన్న యాదున్నదా?"

నాకు గుర్తుండదు. నేను సరిగ్గా చదవలేదు. "లేదు కాకా" అంటాను. సేఠ్ ముందు అన్న అదే మాట ఆయన ముందు మళ్ళీ మళ్ళీ అంటున్నాను.

ఇది చదువుతున్నవాళ్ళు దేవుణ్ణి ఏ పేరుతో పిలిచేవాళ్ళైనా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి అడగండి. నా తప్పు మాఫీ కావాలని కాదు, ఆ సంగతి నేనూ దేవుడూ చూసుకుంటాం. కాక కోసం అడగండి. తండ్రీ, దరఖాస్తు లేకున్నా ఇచ్చేవాడివి, మేమింతమందిమి దరఖాస్తు పెడుతున్నాం. ఆ ముసలాయనకు పోయిన మాట ఒక్కటైనా గుర్తుకు తెచ్చిపెట్టు. గొంతు నిలుపు. ఆయన ఎంతదాకా చెప్పగలడో అంతదాకా చెప్పనివ్వు, చెప్పిన ప్రతి మాటా వినే బుద్ధి నాకివ్వు. మీరూ అనండి.